త్రాసు చెప్పేది – టేపు చెప్పేది

ఒకప్పుడు మన రైల్వే స్టేషన్లలో రంగు దీపాలు వెలిగే తూనిక యంత్రాలు ఉండేవి. నాణెం వేసి నిలబడితే ఒక ప్రక్క బరువు, రెండవ ప్రక్క జాతకం ముద్రించిన చిన్న అట్ట టికెట్టు వచ్చేది. జాతకాన్ని నవ్వుతూ చదివినవారు కూడా బరువును మాత్రం సంపూర్ణంగా విశ్వసించేవారు. నేడు తూనిక యంత్రం ఇంటిలోనికే వచ్చింది. ఆ విశ్వాసం మాత్రం మారలేదు. బరువు తగ్గదలచినవారు ప్రతి ఉదయం దానిపై నిలిచి, అంకె తగ్గితే సంతోషిస్తారు. తగ్గకపోతే నిరాశతో సాధన మానివేస్తారు, లేదా భోజనమే మానివేస్తారు. కనుక ఆ అంకె తెలిపేదేమిటో, తెలుపనిదేమిటో విచారించడం అవసరం.

త్రాసు ఎముక, కండరం, కొవ్వు, నీరు, జీర్ణాశయంలోని ఆహారం – అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపుతుంది. వయోజనుల శరీరంలో దాదాపు సగం నుండి మూడింట రెండు వంతుల వరకు నీరే. అర లీటరు నీరు త్రాగిన వెంటనే బరువు అర కిలో పెరుగుతుంది. ఉప్పు అధికంగా తిన్న మరునాడు శరీరం నీటిని నిలుపుకొంటుంది. స్త్రీలలో ఋతుచక్రాన్ని అనుసరించి కూడా బరువు మారవచ్చు. కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. అన్నం బాగా తగ్గించిన తొలి వారంలో బరువు వేగంగా తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

కొవ్వు కరగడం ఇంత శీఘ్రంగా జరగదు. కిలో కొవ్వు దాదాపు 7,700 కేలరీల శక్తికి సమానం. రోజుకు 500 కేలరీల లోటు ఏర్పడితే, కిలో కొవ్వు తగ్గడానికి సుమారు 15 రోజులు పడుతుంది. రెండు దినాలలో రెండు కిలోలు తగ్గినవారు కోల్పోయినది ప్రధానంగా నీటినే.

దీనికి విపర్యయం కూడా ఉంది. ఘన సెంటీమీటరు కండరం సుమారు 1.06 గ్రాములు తూగితే, అంతే కొవ్వు 0.9 గ్రాములు మాత్రమే తూగుతుంది. వ్యాయామం చేసేవారిలో కొంత కొవ్వు కరిగి, అంతే బరువు గల కండరం పెరిగితే త్రాసు కదలదు. కాని నడుము సన్నబడుతుంది. సాధన ఫలించిందని టేపు తెలుపుతుంది, త్రాసు తెలుపదు.

కొవ్వు ఎంత అన్నదేకాక, ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. ఉదరభాగంలో కొవ్వు చేరినవారికి మధుమేహం వంటి వ్యాధుల ముప్పు అధికమని ఫ్రెంచి వైద్యుడు ఝాఁ వాగ్ 1947లోనే గుర్తించాడు. ఈ విషయం భారతీయులకు విశేషంగా వర్తిస్తుంది. పూణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ శరీరాలనే ఉదాహరణగా చూపారు. ఎత్తు, బరువుల నిష్పత్తిని తెలిపే దేహ ద్రవ్యరాశి సూచిక ఇద్దరికీ 22.3 మాత్రమే. కాని యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం; యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! అందుచేతనే నడుము చుట్టుకొలత భారతీయ పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు హెచ్చరిస్తారు. నడుము కొలత ఎత్తులో సగానికి లోపల ఉండాలన్నది జ్ఞాపకం ఉంచుకొనదగిన సూత్రం.

కొలిచే విధానం సులభం. దర్జీ వాడే టేపు చాలు. పాదాలు దగ్గరగా చేర్చి నిటారుగా నిలబడాలి. చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగా నడిమి భాగంలో, నేలకు సమాంతరంగా టేపు చుట్టాలి. పొట్ట లోనికి లాగక, శ్వాసను సహజంగా విడిచిన పిమ్మట కొలవాలి. టేపు చర్మానికి ఆనవలెనే కాని నొక్కరాదు. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోవడం మేలు. బిగించి పట్టినా, చోటు మారినా టేపు కూడా తప్పు చెబుతుంది. గర్భిణులకు ఈ కొలత వర్తించదు.

అట్లని త్రాసు నిరుపయోగమని భావించరాదు. ప్రయత్నమేమీ లేకుండా బరువు తగ్గుతూ ఉంటే, అది వ్యాధి లక్షణం కావచ్చు, వైద్యుని సంప్రదించాలి. వారానికొకసారి, ఉదయం పరగడుపున, ఒకే త్రాసుపై బరువు చూసుకొని, రెండు వారాలకొకసారి నడుము కొలిచి, రెండింటినీ తేదీతో ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. ఒక రోజు అంకెను బట్టి కాక, రెండు మూడు నెలల అంకెల గతిని బట్టి నిర్ణయానికి రావాలి.

యౌవనంలో ఉన్న విద్యార్థినీ విద్యార్థులు ఈ భేదాన్ని ముఖ్యంగా గ్రహించాలి. త్రాసు అంకెకు భయపడి పస్తులుండేవారు కొవ్వుతోపాటు కండబలాన్ని కూడా కోల్పోతారు. తగినంత పప్పు, కూరలు, మితమైన అన్నం, ప్రతిదినం నడక లేదా ఆటలు – వీటిని ఓర్పుతో ఆచరిస్తే, త్రాసు ఆలస్యంగా చెప్పే శుభవార్తను టేపు ముందుగానే వినిపిస్తుంది.