గాలి లేని సంచి

ఆహారమును చెఱచునది గాలియే యని మనము తలంతుము. ఇది సగము సత్యము. గాలిలోని ప్రాణవాయువు నూనెగింజలను చెడువాసన పట్టించును. బూజునకును పప్పులోని పురుగునకును ఊపిరి యగును. ఇప్పుడు కొన్ని యిండ్లలో కానవచ్చు వాక్యూము సీలరు అను చిన్నయంత్రము ప్లాస్టికు సంచిలోని గాలిని లాగివైచి, వేడితీగతో దాని మూతిని కరగించి యతుకును. సంచి తనంతట బిగియుట లేదు. చదరపు సెంటీమీటరునకు సుమారొక కిలోగ్రాము చొప్పున బయటిగాలియే దానిని నొక్కుచున్నది. 1643 ప్రాంతమున టారిచెల్లి పాదరసపు గొట్టముతో చూపిన బరు విదియే.

కందిపప్పు, వేరుసెనగలు, కాఫీపొడి యిట్లు చాలకాలము నిలుచును. తడిపదార్థముల సంగతి వేఱు. బొట్యులిను విషమును బుట్టించు సూక్ష్మజీవి గాలి లేనిచోటనే పెరుగును. దాని బీజములు మంటిలో నుండును. నీళ్లు మరుగు వేడిమికిని చావవు. విషము పుట్టినను రంగు, వాసన మాఱకపోవచ్చును. కావున పచ్చివెల్లుల్లి, ఉడికిన దుంపలు, చేపలు సంచిలో బిగించి వంటయింటి గూటిలో నుంచుట ప్రాణాపాయము. ఇంట నీ యంత్రము గల విద్యార్థు లీమాట తల్లులకు చదివి వినిపింతురు గాక.

మన యావకాయజాడీలో పైకి తేలు నూనెయు గాలి నడ్డునదే కదా యందురేమో. అచ్చట కాపాడునది నూనె గాదు, ఉప్పును పులుపును. చాలినంత పులుపున్నచోట ఆ జీవి పెరుగజాలదు.

చేపలను బిగించినచో సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నుంచవలెను. కరగించునప్పుడు ముందుగా సంచిని కోసి, చేపను గిన్నెలో మార్చి, రిఫ్రిజిరేటరులోనే కరగనీయవలెను.