చలికాలములో పాత ట్రాక్టరు బ్యాటరీ

ఖరీఫు పంట ఇల్లు చేరిన పిదప అనేక గ్రామములలో పాత ట్రాక్టరుకు సెలవు వచ్చును. క్రొత్త ట్రాక్టరు కొనిన రైతు సైతము తండ్రినాటి ఫెర్గూసన్‌నో, ఐషర్‌నో, బి-275నో అమ్మక పాకలో ఉంచుకొనుట మనము చూచుచున్నదే. ట్రాలీ లాగుటకు, ఎరువు తోలుటకు అది నేటికిని పనికివచ్చును. అయితే సంక్రాంతి దాటిన తరువాత ఒకనాటి తెల్లవారుజామున దానితో పనిపడి తాళము త్రిప్పగా, "టక్" మని ఒక్క చప్పుడు మాత్రమే వినిపించును. నలుగురిని పిలిచి త్రోయించవలసి వచ్చును. చలికి బ్యాటరీ చచ్చినదని అందరును అందురు. ఈ నింద సగము మాత్రమే న్యాయము.

బ్యాటరీలో సీసపు పలకలు, నీరు కలిసిన గంధకికామ్లము, అనగా మనము యాసిడ్ అనునది, ఉండును. శక్తి ఖర్చగు కొలది పలకలమీద సీసపు సల్ఫేటు అను తెల్లని పొర ఏర్పడును. వెంటనే ఛార్జి చేసినచో ఆ పొర కరగిపోవును. వారముల తరబడి అట్లే విడిచినచో గట్టి పలుకులుగా మారి, తరువాత ఎంత ఛార్జి చేసినను వదలదు. బ్యాటరీ చచ్చుట యనగా చాలవరకు ఇదియే.

వాడకున్నను బ్యాటరీ తనంత తాను కొంత శక్తి కోల్పోవును. ఈ నష్టము ఎండలో హెచ్చు, చలిలో తక్కువ. వేడి 10 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగిన సుమారు రెట్టింపగును. కావున జనవరి చలి బ్యాటరీని చంపదు. అది చేయునదేమనగా, ఇంజను ఆయిలును చిక్కబరచును, అదే సమయమున బ్యాటరీ ఇచ్చు బలమును తగ్గించును. అక్టోబరు నుండి అరకొర శక్తితో నెట్టుకొనివచ్చిన బ్యాటరీ గుట్టు ఆ ఉదయమున బయటపడును. కెనడా వంటి మంచు దేశములలో ఖాళీ అయిన బ్యాటరీలోని ద్రావకము గడ్డకట్టి పెట్టె పగులుట గలదు. ఆదిలాబాదు, అరకు చలికి సైతము మనకా భయము లేదు. మన భయము వేరు. చలికాలములో ఖాళీగా విడిచిన బ్యాటరీ ఖాళీగానే మార్చి ఎండలలో పడును.

కనుక ట్రాక్టరును పాకలో పెట్టునాడే బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి పెట్టుడు. తరువాత నెలకొకసారి పరీక్షింపుడు. మూతలున్న బ్యాటరీ అయినచో హైడ్రోమీటరు ఉత్తమము. మన దేశములో అమ్ము బ్యాటరీలకు సాధారణముగా 1.240 నుండి 1.260 వరకు చూపిన నిండుగా నున్నట్లు. 1.200 కు దిగిన ఛార్జి చేయవలెను. 1.150 చూపిన దాదాపు ఖాళీయే. ఆరు అరలలో ఏదో యొక్కటి మాత్రము మిగిలినవాటికన్న 0.050 తక్కువగా నున్నచో ఆ అర చెడినదని అనుమానింపవలెను. నీరు పోసిన వెంటనే కొలువరాదు. మూతలు లేని బ్యాటరీకి వోల్టుమీటరే గతి. ఒక రాత్రి కదలింపక ఉంచి కొలిచిన 12.6 వోల్టులు లేక ఆపైన ఉండవలెను, 12.4 కు దిగిన ఛార్జి పెట్టుడు. 12 అయిన ఆలస్యమైనదని అర్థము. ఆరు వోల్టుల బ్యాటరీకి ఈ అంకెలలో సగము.

వారమునకొకసారి స్టార్టు చేసి పది నిమిషములు తిరుగనిచ్చిన చాలునని చాలమంది నమ్మకము. పాత ట్రాక్టరు విషయములో ఈ నమ్మకము మోసగించును. వీనిలో అధిక భాగమునకు ఆల్టర్నేటరు లేదు, డైనమో గలదు. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు డైనమో బ్యాటరీకి దాదాపు ఏమియు ఈయదు. మీటరు ముల్లును చూచిన మీకే తెలియును. వేగము పెంచినప్పుడు చిన్న డైనమో పది ఆంపియర్లు ఇచ్చుననుకొనుడు. 88 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సగము ఖాళీ అయినచో 44 నింపవలెను. అనగా పని వేగముతో నాలుగున్నర గంటలు నడపవలెను. నిండుచున్న కొలది రెగ్యులేటరు కరెంటును తగ్గించును గనుక నిజమునకు ఇంకను ఎక్కువే పట్టును. అంత డీజిలు కాల్చుటకన్న ఛార్జరు పెట్టుట చవక. పైగా పది నిమిషములు తిరిగి ఆగిన ఇంజను సరిగా వేడెక్కక, లోపల తేమ చేరి ఆయిలు చెడును.

తాళము తీసి జేబులో వేసికొనిన కరెంటు ఆగినదనుకొనరాదు. తరువాత ఎవరో బిగించిన పాటల పెట్టె, తొడుగు ఊడిన తీగ, తడి చేరిన స్విచ్చి, ఇవన్నియు చాటుగా త్రాగుచుండును. ఒక ఆంపియరులో ఇరువదవ వంతు మాత్రమే పోవుచున్నను నెలకు 36 ఆంపియర్-అవర్లగును. దీనికి మందు సులువు. ఎర్తు తీగను ఊడదీసి పెట్టుడు. ఎర్తు తీగ యనగా ట్రాక్టరు బాడీకి పోవు తీగ. అది నెగెటివే కానక్కరలేదు. 1950, 1960 దశకములలో ఇంగ్లండులో తయారైన పలు ట్రాక్టర్లలో పాజిటివు కొననే బాడీకి కలిపెడివారు. నేటి మెకానిక్కు అలవాటు చొప్పున తిరగవేసి బిగించు ప్రమాదమున్నది గనుక, విప్పకముందే ఏ తీగ ఏ కొనదో రంగు పూసి గుర్తు పెట్టుకొనుడు.

అరలలో పలకలు మునిగియుండునట్లు స్వేదనజలము మాత్రమే పోయవలెను. ఆర్.ఓ. నీరు దానికి సరికాదు. మేము ఒక గ్రామములో చూచిన బ్యాటరీలో, బలము తగ్గినదని మూడుమార్లు యాసిడ్ పోసియున్నారు. హైడ్రోమీటరు బ్రహ్మాండముగా నిండు చూపినది గాని సెల్ఫు కదలలేదు. పలకలు తినబడి అడుగున బురదగా దిగినవి. ఒలికిపోయిననే తప్ప యాసిడ్ పోయుట తగదు.

ఛార్జి చేయునపుడు బ్యాటరీ సామర్థ్యములో పదవ వంతుకు మించిన కరెంటు వద్దు. 88 ఆంపియర్-అవర్ల దానికి ఎనిమిది ఆంపియర్లు పరిమితి, నాలుగైదు ఇంకను మేలు. ఒక పూటలో తిరిగి ఇచ్చెదమను దుకాణపు వేగపు ఛార్జీ పాత పలకలకు చేటు. నిండిన పిదప 13.5 వోల్టుల వద్ద దానంతటదే నిలుచు చిన్న ఛార్జరులు దొరకుచున్నవి; కరెంటు నమ్మకముగానున్న చోట అవి హాయి. కరెంటు లేని పాకకు 10 వాట్ల సోలారు పలక చాలును, అయితే కంట్రోలరు లేక తగిలింపరాదు. ఎర్తు ఏదైనను, ఛార్జరు పాజిటివు బ్యాటరీ పాజిటివుకే కలుపవలెను. ఛార్జి అగునపుడు హైడ్రోజను వాయువు వెలువడును. ఒక్క బీడీ నిప్పు చాలును, పెట్టె పేలి యాసిడ్ కన్నులలో పడును. గాలి ఆడుచోట పెట్టి, స్విచ్చి ఆపిన పిమ్మటనే క్లిప్పులు తీయుడు.

సిమెంటు గచ్చుమీద పెట్టిన బ్యాటరీ దిగిపోవునని పెద్దలందురు. నేటి ప్లాస్టికు పెట్టెలకు అది వర్తింపదు. చెక్కమీద పెట్టిన నష్టము లేదు గాని, పైన పేరుకొనిన తడి దుమ్మును తుడుచుట అంతకన్న లాభము. మూతలు బిగించి, వంటసోడా నీటితో కడిగి, ఆరబెట్టి, టెర్మినళ్ళకు వాజలైను పూయుడు.

ఛార్జి చేసిన తేదీని పాక గోడపై సుద్దతో వ్రాయుచుండుడు. తీగలు ఊడదీసియున్నను, నిండుగా ఛార్జి చేసిన రెండు మూడు దినములలోనే 12.4 కు దిగిపోవు బ్యాటరీకి ఆయువు తీరినట్లే. దానికి ఛార్జీ ఖర్చు పెట్టక, పాతదాని సీసపు విలువ తగ్గించుకొని క్రొత్తది తెచ్చుకొనుడు. బిగించునపుడు ఎర్తు తీగను చివరకు కలుపవలెను.