పన్నెండు అంగుళాల రికార్డులో ఒక్క పాటే ఎందుకు?

ప్రశ్న: 1987 నాటి విదేశీ పాప్ రికార్డు ఒకటి దొరికింది. ఎల్పీ అంత సైజు. కానీ ఒక వైపు ఒకటే పాట, మొదట చాలాసేపు డ్రమ్సే. ఇది లోపమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లోపం కాదండీ, అది డాన్స్ క్లబ్బుల కోసం చేసిన రీమిక్స్. నడుస్తున్న పాట దరువుకు రెండో టర్న్‌టేబుల్ మీది పాట వేగాన్ని కలపడానికి డీజేకు ఆ డ్రమ్స్ వ్యవధి కావాలి. ఇక సైజు సంగతి. బేస్ గట్టిగా పలకాలంటే రికార్డు మీది గాడి పక్కలకు బాగా ఊగాలి, అందుకు చోటుండాలి. ఏడంగుళాల రికార్డులో పాట పొడవు పెరిగితే గాళ్లు ఇరుకై శబ్దం తగ్గించాల్సి వస్తుంది. పన్నెండంగుళాల్లో ఆ ఇబ్బంది లేదు.

1970ల మధ్యలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ ఇలాంటి రీమిక్స్ రికార్డులకు దారి వేశాడు. ఎనభైల చివరికి షెప్ పెటిబోన్ వంటి రీమిక్సర్లు స్టూడియో టేపులోని గొంతునూ డ్రమ్స్‌నూ విడివిడిగా తీసుకుని పాటను మళ్లీ కట్టేవారు. కొన్ని ఉత్త సాగదీతలే, నిజమే. కానీ 1987లో ర్యాప్ జంట ఎరిక్ బి, రకీమ్‌ల ‘పెయిడ్ ఇన్ ఫుల్’ పాటకు ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హజా గొంతు జోడించి బ్రిటిష్ జంట కోల్డ్‌కట్ చేసిన రీమిక్స్, నా దృష్టిలో మూలాన్ని మించింది. తప్పకుండా వినండి.

మీ రికార్డు లేబుల్ మీద వేగం చూడండి. ఇలాంటివి ఎన్నో 45లో తిరుగుతాయి, వాటిని 33లో పెడితే గొంతు బొంగురుగా వస్తుంది.