ఫైబర్ పడవ మీద పాత పేరు చెరిపేదెలా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఫైబర్ పడవ మీద పాత ఓనరు పెయింట్‌తో రాయించిన పేరుంది. పెయింట్ రిమూవర్ పూయొచ్చా?

జవాబు: వద్దండి. పడవ పైపొర అయిన జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరే. మామూలు రిమూవర్ పెయింట్‌తో పాటు దాన్నీ మెత్తబరుస్తుంది. ముందు థిన్నర్‌తో తడిపిన గుడ్డతో ఒక్క అక్షరం అంచు రుద్ది చూడండి. రంగు గుడ్డకు అంటుతుంటే అంతకుమించి అక్కర్లేదు. అంటకపోతే 600 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లతో తడుపుతూ చేత్తోనే రుద్ది, ఆపై 1000 నంబరు, చివర రబ్బింగ్ కాంపౌండ్, వ్యాక్స్ వాడండి. గీతలు పడవా అంటారేమో. పడతాయి, కాంపౌండ్‌తో పోతాయి. రిమూవర్ తినేసిన పొర మాత్రం తిరిగి రాదు. ఇంతా చేశాక పేరు లీలగా కనిపిస్తే మళ్లీ అక్కడే అరగదీయకండి. పెయింట్ కింద జెల్‌కోట్ రంగు నిలిచింది, చుట్టూ ఎండకు వెలిసింది. కాంపౌండ్ పట్టాల్సింది ఆ చుట్టుపక్కలకే.