ఎల్.డి.ఎల్. కొలెస్టరాలు: తూకమా, అంచనాయా?



ధాన్యము మిల్లునకు తోలిన రైతు కంటితో చూచి కట్టిన లెక్కను అంగీకరింపడు. ఏ కాటాతో తూచిరో, తేమకును తాలునకును ఎంత తగ్గించిరో అడిగి తెలిసికొనును. ఆ రైతే రక్తపరీక్ష చేయించుకొన్నప్పుడు మాత్రము, కాగితములోని అంకెలన్నియు తూచి వేసినవే యని నమ్మి దానిని మడిచి పెట్టెలో పెట్టుకొనుచున్నాడు. కాని అందు మిక్కిలి ముఖ్యమైన ఎల్.డి.ఎల్. కొలెస్టరాలు అను అంకె పెక్కుచోట్ల కొలిచినది కాదు, లెక్కగట్టి వేసినది. ఆ లెక్కను ఎప్పుడు నమ్మవచ్చునో, ఎప్పుడు సందేహింపవలెనో ఈ నెల విచారింతము.

కొలెస్టరాలు కొవ్వుజాతి పదార్థము. నూనె నీటిలో కలియనట్లే ఇదియు రక్తములో తనంతట కలియదు. కావున శరీరము దానిని మాంసకృత్తులతో చేర్చి, బండ్లవంటి సూక్ష్మరేణువులలో నెక్కించి పంపును. ఈ రేణువులకు లైపోప్రోటీనులని పేరు. వీనిలో మూడు రకములు మనకు ముఖ్యములు. ఎల్.డి.ఎల్. రక్తనాళముల గోడలలో కొలెస్టరాలును దింపును. అది యేండ్ల తరబడి పేరుకొని గుండెపోటునకును పక్షవాతమునకును దారి తీయును. హెచ్.డి.ఎల్. కొలెస్టరాలును తిరిగి కాలేయమునకు చేర్చు పనిలో పాల్గొనును. వి.ఎల్.డి.ఎల్. ముఖ్యముగా ట్రైగ్లిసరైడులను కొవ్వును మోయును గాని, దానితో కొంత కొలెస్టరాలును మోయును.

ఈ మూడింటిని విడదీసి కొలుచుటకు రక్తమును అతివేగముగా త్రిప్పెడు యంత్రము కలదు. అది వెలగలది, పనియు గంటల కొలది పట్టును. అందుచే 1972లో అమెరికాలో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ అను మువ్వురు, 448 మంది రక్తమును పరిశీలించి, ఒక సులభమైన లెక్కను ప్రకటించిరి. మొత్తము కొలెస్టరాలు, హెచ్.డి.ఎల్., ట్రైగ్లిసరైడులు అను మూడింటిని కొలుతురు. ట్రైగ్లిసరైడులను 5తో భాగించగా వచ్చినది వి.ఎల్.డి.ఎల్. కొలెస్టరాలని భావింతురు. మొత్తము నుండి హెచ్.డి.ఎల్.ను, ఈ అయిదవ వంతును తీసివేయగా మిగిలినదే ఎల్.డి.ఎల్.

ఉదాహరణము: మొత్తము 200, హెచ్.డి.ఎల్. 45, ట్రైగ్లిసరైడులు 120 అనుకొందము. (ఈ అంకెలన్నియు డెసిలీటరునకు, అనగా 100 మిల్లీలీటర్లకు, ఇన్ని మిల్లీగ్రాములని గ్రహింపవలెను.) 120లో అయిదవ వంతు 24. కావున 200 నుండి 45ను, 24ను తీసివేయగా 131. ఇట్టి వారికి ఈ లెక్క నిజమునకు చాల దగ్గఱగా నుండును.

చిక్కంతయు ఆ 5 అను సంఖ్యలో నున్నది. నూరు కిలోల ధాన్యమునకు 67 కిలోల పచ్చిబియ్యము రావలెనని ప్రభుత్వపు లెక్క గదా! కాని తాలు హెచ్చిన ధాన్యమును ఆడించినచో ఆ 67 దిగునా? అట్లే ట్రైగ్లిసరైడులు హెచ్చినకొలది, వాని అయిదవ వంతు కొలెస్టరాలను లెక్క చెల్లదు. కొవ్వు హెచ్చిన రేణువులలో కొలెస్టరాలు అయిదవ వంతుకంటె తక్కువ. అప్పుడు మనము తీసివేయవలసినదానికంటె ఎక్కువ తీసివేయుదుము, ఎల్.డి.ఎల్. ఉన్నదానికంటె తక్కువగా కనబడును. ట్రైగ్లిసరైడులు 400 దాటినచో ఈ లెక్కను వాడరాదని దానిని కనిపెట్టినవారే చెప్పిరి.

400 దాటకున్నను ప్రమాదము లేకపోలేదు. గుండెజబ్బు వచ్చి మాత్రలు వాడుచున్న వానికి ఎల్.డి.ఎల్. 70కి లోపల నుండవలెనని వైద్యుడు చెప్పెననుకొందము. (కొందఱికి ఇంకను తక్కువ యుండవలెనందురు.) అతని మొత్తము 160, హెచ్.డి.ఎల్. 35, ట్రైగ్లిసరైడులు 300. పాత లెక్కచొప్పున ఎల్.డి.ఎల్. 65, గమ్యము చేరితినని అతడు సంతోషించును. 2020లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల శాస్త్రజ్ఞులు ప్రకటించిన క్రొత్త సూత్రముచొప్పున లెక్కించినచో 76 వచ్చును. రక్తమొక్కటే, కొలతలొక్కటే, లెక్క మాఱగా గమ్యము తప్పినది. అతడు తొందరపడి మాత్ర మానినచో ఆ నష్టము కాగితమునకు గాదు, అతని కుటుంబమునకు.

ఈ విషయము మనకు మఱింత ముఖ్యము. భారత వైద్య పరిశోధనా మండలివారు తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండు, చండీగఢులలో జరిపించి 2014లో ప్రకటించిన పరిశీలనలో నూటికి 29.5 మందికి ట్రైగ్లిసరైడులు హెచ్చుగాను, 72.3 మందికి హెచ్.డి.ఎల్. తక్కువగాను ఉన్నవి. అనగా ఏ స్థితిలో పాత లెక్క బలహీనమో, ఆ స్థితి మన దేశమున అరుదు కాదు.

దిద్దుబాటు మార్గములును కలవు. 2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పదమూడు లక్షలకు మించిన మంది పరీక్షాఫలితములను పరిశీలించి, అందఱికి 5 అను ఒకే సంఖ్యకు బదులు, వారివారి స్థితినిబట్టి భాగింపదగిన సంఖ్యలను 180 గళ్ల పట్టికలో కూర్చిరి. పైన చెప్పిన 2020 నాటి సూత్రము ట్రైగ్లిసరైడులు 800 వఱకును పనికివచ్చునని దానిని రచించినవారి మాట. ఎల్.డి.ఎల్.ను రసాయనములతో నేరుగా కొలుచు పద్ధతియు కలదు. కాని అదియు దోషరహితము గాదు. ట్రైగ్లిసరైడులు మిక్కిలి హెచ్చినవారిలో ఒక కంపెనీ రసాయనమునకును మఱొక దానికిని ఫలితము భేదింపవచ్చును.

ఇంతకంటె సులభమైన సాధనము ప్రతి సభ్యుని చేతిలోనే యున్నది. మొత్తము కొలెస్టరాలు నుండి హెచ్.డి.ఎల్.ను మాత్రము తీసివేయుడు. దీనిని నాన్-హెచ్.డి.ఎల్. అందురు. ఇందు ట్రైగ్లిసరైడుల అంచనా లేదు. చెడుగు చేయు రేణువులన్నింటి కొలెస్టరాలు ఇందు చేరియున్నది. దీని గమ్యము సాధారణముగా ఎల్.డి.ఎల్. గమ్యమునకు 30 హెచ్చు. పై ఉదాహరణములో 160 నుండి 35 పోగా 125. గమ్యము 70కి 30 చేర్చగా 100. ఎల్.డి.ఎల్. 65 అని కాగితము సంతోషపెట్టినను, ఈ చిన్న తీసివేత అసలు సంగతిని బయట పెట్టినది.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను.

1. ఎల్.డి.ఎల్. అంకె కొలిచినదా, లెక్కగట్టినదా యని పరీక్షాశాలవారిని అడుగవలెను. అడుగుట తప్పు గాదు.

2. ఎల్.డి.ఎల్. చూచుటకు ముందు ట్రైగ్లిసరైడుల వరుస చూడవలెను. అది 150కి లోపలనున్న లెక్కను చాలవఱకు నమ్మవచ్చును. హెచ్చినకొలది సందేహము హెచ్చవలెను. 400 దాటినచో పాత లెక్కను విడువవలెను.

3. భోజనముచేత ట్రైగ్లిసరైడులు పెరుగును. అవి హెచ్చుగా వచ్చిన, 9 మొదలు 12 గంటలు పరగడుపున నుండి మరల పరీక్షింపించుకొనవలెను. మంచినీరు త్రాగవచ్చును. ముందునాడు కల్లు, సారాయి ముట్టరాదు. మధుమేహమునకు మందు వాడువారు ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను.

4. ఏటేట పోల్చి చూచుకొనువారు వీలైనంతవఱకు ఒకే పరీక్షాశాలలో, ఒకే పద్ధతిని చేయించుకొని, పాత కాగితములను భద్రపఱచుకొనవలెను.

5. ఒక్క అంకెను చూచి మాత్ర మానరాదు, తగ్గింపరాదు. కాగితమంతయు వైద్యునికి చూపి, నాన్-హెచ్.డి.ఎల్. ఎంతయో అడుగవలెను.

అంచనా యనునది నింద్యము గాదు. సేద్యమంతయు అంచనాలమీదనే గదా నడచుచున్నది! కాని అంచనాను తూకమని భ్రమించుట నష్టహేతువు. బస్తాల తూకమున మనము చూపు జాగ్రత్తనే మన రక్తపు లెక్కయందును చూపుదము.