సునామీ వస్తుందని ముందే ఎలా చెబుతారు?

ప్రశ్న: మా అమ్మాయి నాగపట్నంలో కాపురముంటోంది. సముద్రంలో భూకంపం అనగానే భయమేస్తుంది. ప్రతిసారీ సునామీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, సూళగిరి

జవాబు: రాదు. సముద్రపు అడుగు ఒక్కసారిగా పైకో కిందికో కదిలి, మీది నీటినంతటినీ కదిలిస్తేనే పెద్ద సునామీ పుడుతుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర జరిగింది అదే. 9.1 తీవ్రతతో, సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. దాదాపు రెండున్నర గంటల్లో అలలు తమిళనాడు తీరాన్ని ముంచాయి. నాగపట్నం జిల్లాలోనే ఆరు వేలమందికి పైగా చనిపోయారు. 2012 ఏప్రిల్ 11న అటువైపే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా, భూఫలకాలు పక్కకు జరగడంతో పెద్ద అల లేవలేదు.

సునామీ అల వేగం సముద్రపు లోతును బట్టి ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు. పది మీటర్ల లోతులో 36 మాత్రమే. ముందుభాగం నెమ్మదించేసరికి వెనకనీరు తోసుకొచ్చి అల ఎత్తు పెరుగుతుంది.

భూకంపాన్ని ముందే చెప్పలేరు, సునామీని చెప్పగలరు. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం ఈ పని చేస్తోంది. కంపనాలు అందగానే చోటు, తీవ్రత, లోతు లెక్కగట్టి, ముందే సిద్ధం చేసుకున్న నమూనాలతో పోల్చి నిమిషాల్లో సమాచారం పంపుతుంది. సముద్రగర్భంలోని పీడన పరికరాలు, రేవుల్లోని నీటిమట్టం కొలతలు దాన్ని ఖాయం చేస్తాయి, లేదా హెచ్చరికను ఎత్తివేయిస్తాయి.

నేల చాలాసేపు ఊగినా, సముద్రం అసాధారణంగా వెనక్కి పోయినా హెచ్చరిక కోసం ఆగకుండా మెరకకు వెళ్లమని అమ్మాయికి చెప్పండి. మొదటి అలే పెద్దది కాకపోవచ్చు. అధికారులు చెప్పేదాకా తీరానికి తిరిగి రాకూడదు.