హ్యాకథాన్‌కు వెళ్లే ముందు అగ్గిపెట్టెను చూడండి



కాలేజీ నోటీసు బోర్డుల్లో "హ్యాకథాన్" అనే మాట ఈమధ్య తరచు కనబడుతోంది. దానికి ముందు "ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్" అని కూడా ఉంటే, మన పిల్లలు చాలామంది చదివి పక్కకు తప్పుకుంటారు. "అది చెన్నై, బెంగళూరు పిల్లల పోటీ. మనకు అంత ఇంగ్లీషూ రాదు, కోడింగూ రాదు" అనుకుంటారు. ఈ రెండు భయాలూ అనవసరం. ఎందుకు అనవసరమో, పోటీకి ఎలా సిద్ధం కావాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పోటీ ఏమిటి?

కొద్దిమంది జట్టుగా కూడి, నిర్ణీత గంటలలో ఒక సమస్యకు పరిష్కారం తయారు చేయడమే హ్యాకథాన్. ఈ మాట 1999 నుంచి వాడుకలో ఉంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌ను ప్రారంభించింది. అందులో జట్టుకు ఆరుగురు ఉండాలి, వారిలో ఒక్కరైనా అమ్మాయి కావాలి. ముందుగా సొంత కాలేజీలో జరిగే ఎంపికలో నెగ్గాలి. తమిళనాడు ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన నాన్ ముదల్వన్ పథకం కింద ఇంజనీరింగ్ విద్యార్థులకు నిరల్ తిరువిళా అనే పోటీ కూడా ఉంది.

ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ హ్యాకథాన్ వీటికి కొంచెం భిన్నమైనది. ఇందులో సాధారణంగా ప్రోగ్రాం రాయనక్కరలేదు. ఒక వస్తువునో, ఒక సేవనో, ఒక సమస్యనో మీ ముందు పెడతారు. ఇబ్బంది ఎవరిది? ఏం తయారు చేయాలి? దానిలో మొదట ఏది చేయాలి? ధర ఎంత? పని జరిగిందని ఎలా తెలుస్తుంది? వీటికి జట్టుగా జవాబులు వెతికి, కొన్ని స్లైడ్లలో న్యాయనిర్ణేతలకు వివరించాలి.

ఈ వృత్తి కంప్యూటర్లతో పుట్టినది కాదు, సబ్బుతో పుట్టింది. 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కేమే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి మూడు పేజీల లేఖ రాశాడు. ఒక్కొక్క సరుకు బాగోగులకు ఒక్కొక్క మనిషి పూర్తి బాధ్యత వహించాలి, అతడు అమ్మకాలు ఎక్కడ తగ్గాయో చూసి కారణం కనిపెట్టాలి అన్నది దాని సారాంశం. నేటి ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి మూలం అదేనని చెబుతారు.

మన ఊరి మొదటి పాఠం

ఇక మన అగ్గిపెట్టెకు వద్దాం. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతాలలో అగ్గిపెట్టెల పని తెలియని కుటుంబం అరుదు. 2007లో అగ్గిపెట్టె ధర ఒక రూపాయి అయింది. ఆ తరువాత 14 ఏళ్లపాటు ఎర్ర భాస్వరం, మైనం, అట్ట వంటి ముడిసరుకుల ధరలు పెరుగుతూ వచ్చినా పెట్టె ధర మాత్రం రూపాయే. చివరకు 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలు చేశారు. దానితోపాటు పెట్టెలో పుల్లలను 36 నుంచి 50కి పెంచాలని తయారీదారులు నిర్ణయించారు.

ఒకటిన్నర రూపాయి ఎందుకు పెట్టలేదు? ధరతోపాటు పుల్లలు ఎందుకు పెంచారు? ఆలోచించండి. కొట్లో చిల్లర దొరకాలి. కొనేవారికి "ఊరికే పెంచేశారు" అనిపించకూడదు. చేసేవారికి కూలి గిట్టాలి. ఈ మూడింటినీ కలిపి తూచడమే ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్.

ఇంకొక మాట. అగ్గిపెట్టెకు అసలు పోటీ పక్క కంపెనీ పెట్టె కాదు, చవక లైటరు. కొనేవాడికి కావలసింది పుల్ల కాదు, మంట. అది దేనితో వచ్చినా అతనికి ఒకటే. మన తయారీదారులు ఎంతో కాలం మొరపెట్టుకున్న తరువాత, 20 రూపాయల లోపు విలువగల సిగరెట్ లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో నిషేధించింది. "మీ వస్తువు లేకపోతే జనం దేనితో పని గడుపుకుంటారు?" అని న్యాయనిర్ణేత అడిగినప్పుడు ఈ లైటరును గుర్తు చేసుకోండి.

ఒక లెక్క చేసి చూద్దాం

"కోవిల్‌పట్టి కడలై మిఠాయి అమ్మకాలు పెంచండి" అని సమస్య ఇచ్చారనుకోండి. వేరుశనగపప్పు, బెల్లంపాకంతో చేసే ఈ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీకు తెలిసిందే.

చాలా జట్లు వెంటనే "ఒక యాప్ చేద్దాం" అంటాయి. అక్కడే ఓడిపోతాయి. ఆ యాప్ కావాలని అడిగినదెవరు?

మంచి జట్టు ముందుగా బస్టాండు దగ్గర కొట్టుకు వెళుతుంది. కొట్టు యజమానిని, కొనేవారిని, కొనకుండా వెళ్లేవారిని కూడా అడుగుతుంది. అప్పుడు కూడా "యాప్ ఉంటే కొంటారా?" అని అడగకూడదు. మర్యాదకు అందరూ "కొంటాం" అంటారు. "చివరిసారి ఎప్పుడు కొన్నారు? ఎవరికోసం? తరువాత ఏమైంది?" అని అడగాలి. జరిగినదాని గురించి అడిగితే నిజం బయటకు వస్తుంది.

ఉదాహరణకు, దూరదేశంలో ఉన్న కూతురికి పంపాలనుకున్న తల్లి "వానాకాలంలో మెత్తబడి కాగితానికి అంటుకుపోతుందమ్మా, అందుకే మానేశాను" అని చెప్పిందనుకోండి. అప్పుడు సమస్య అమ్మే దారిలో లేదు, పొట్లంలో ఉంది. గాలి చొరని చిన్న పొట్లాలు కట్టి పదిమందికి ఇచ్చి, పదిహేను రోజుల తరువాత ఎన్ని కరకరలాడుతున్నాయో చూడవచ్చు. పొట్లానికి అదనపు ఖర్చెంత, దానిని ఎవరు భరిస్తారు అన్నది లెక్క కట్టవచ్చు. ఇంత చెప్పగలిగిన జట్టు స్లైడ్లు సాదాగా ఉన్నా న్యాయనిర్ణేతలు చెవియొగ్గి వింటారు.

ఇక్కడ మన పిల్లలకు ఒక బలం ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, తరగతిలో ఇంగ్లీషు. కొట్టు యజమానితో, మిఠాయి చేసే అమ్మతో వారి భాషలోనే మాట్లాడగలరు. విరుదునగర్ మార్కెట్లో పప్పు, మిరప, నూనె వ్యాపారుల మాటలు వింటూ పెరిగినవారికి ధర, తూకం, నిల్వ అనేవి కొత్త విషయాలు కావు.

24 గంటలు ఉంటే ఎలా పంచుకోవాలి?

1. మొదటి 6 గంటలు: మనుషులతో మాట్లాడడం. బయటకు వెళ్లే వీలు లేకపోతే ఫోనులో కనీసం ఐదుగురితో.
2. తరువాతి 3 గంటలు: ఇబ్బంది ఎవరిదో, ఏమిటో ఒకే వాక్యంలో రాయడం. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదని గ్రహించండి.
3. తరువాతి 6 గంటలు: ఒకే ఒక పరిష్కారం. కాగితం మీద బొమ్మ వేసి, దానిని ఇద్దరికి చూపించి, సరిదిద్దుకోవడం.
4. తరువాతి 5 గంటలు: స్లైడ్లు, ఖర్చు లెక్క, ఫలితం కొలిచే అంకె.
5. మిగిలిన 4 గంటలు: వంతులవారీగా నిద్ర, రెండుసార్లు బిగ్గరగా చెప్పి చూసుకోవడం.

ఇంగ్లీషులో తడబడితే చిన్న చిన్న వాక్యాలు వాడండి. తెలియని ప్రశ్నకు "అది మేము ఇంకా చూడలేదు, ఇలా కనుక్కుంటాం" అని చెప్పడం తప్పు కాదు. లేని అంకెను కల్పించి చెప్పడమే తప్పు.

తల్లిదండ్రులకు ఒక మాట

"చదువు మానుకుని ఈ ఆటలెందుకు?" అని మీరు అడగడం సహజమే. సెమిస్టరు పరీక్షల సమయంలో అయితే వద్దనండి. ప్రవేశ రుసుము ఎక్కువగా ఉండి, నిర్వాహకులెవరో తెలియని పోటీలకూ వద్దనండి. కాని అమ్మాయి అన్న ఒక్క కారణంతో ఆపకండి. రాత్రి బస ఎక్కడ, వెంట వచ్చే అధ్యాపకురాలు ఎవరు, తిరుగు ప్రయాణం ఎలా అని కాలేజీని అడగండి. అది మీ హక్కు. జవాబు సరిగా ఉంటే పంపండి. మీరు వద్దన్న చోటు ఖాళీగా ఉండదు, మరొకరి బిడ్డ వచ్చి కూర్చుంటుంది.

బహుమతి రాకపోవచ్చు. మొదటిసారి చాలామందికి రాదు. కాని ఐదుగురు అపరిచితులను అడిగి, విని, రాసుకుని వచ్చిన విద్యార్థికి రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం ఒకటి ఉంటుంది. అది మార్కుల జాబితాలో దొరకదు.

ఈ వారం అభ్యాసం

మీ వీధిలోని ఒక కొట్టుకు వెళ్లండి. ఈమధ్య అమ్మకం తగ్గిన సరుకు ఒకటి ఏదో అడగండి. దానిని కొనడం మానేసిన ముగ్గురిని కలుసుకుని కారణం తెలుసుకోండి. ఒక పేజీలో రాయండి. రాసినది మీ నాన్నగారికో, అమ్మగారికో చదివి వినిపించండి. వారు అడిగే మొదటి ప్రశ్నే న్యాయనిర్ణేత కూడా అడగవచ్చు.

మీ అందరికీ శుభాకాంక్షలు.